1970 ప్లిమత్ సూపర్‌బర్డ్‌ను రిస్టోర్ చేయడం ఎలా?

1970 సీజన్‌కి అమెరికా కార్ రేసుల సంస్థ నాస్కార్ ఒక షరతు పెట్టింది. రేసులో దింపే మోడల్‌ను మామూలు జనానికి కూడా అమ్మాలి, అదీ ప్రతి ఇద్దరు డీలర్లకు ఒక కారు చొప్పున. ఆ లెక్క తీర్చడానికి ప్లిమత్ 1969 చివరి నెలల్లో డెట్రాయిట్‌లో హడావిడిగా 1,900కి పైగా సూపర్‌బర్డ్‌లు తయారు చేసింది. ప్లిమత్ వాళ్లదే రోడ్ రన్నర్ అనే మోడల్ బాడీకి ముందు పొడవాటి స్టీలు ముక్కు, వెనక ఎత్తైన అల్యూమినియం రెక్క తగిలించారు. ఫోర్డ్‌కి వెళ్లిపోయిన రేసు డ్రైవర్ రిచర్డ్ పెట్టీని తిరిగి రప్పించింది ఈ కారే. 1970 డేటోనా 500 రేసుని పీట్ హామిల్టన్ గెలిచిందీ దీంతోనే. మరుసటి ఏడాది ఇలాంటి కార్ల ఇంజిన్ 305 క్యూబిక్ అంగుళాలు దాటకూడదని నాస్కార్ కట్టడి చేయడంతో దీని ఆట కట్టింది.

గడువు తరుముకొస్తుంటే బిగించిన కారు కాబట్టి ఫ్యాక్టరీ పని చాలాచోట్ల మోటుగా ఉంటుంది. ఆ మోటుతనాన్ని ఉన్నదున్నట్టు నిలబెట్టడమే ఇక్కడ అసలు పని.

1. డబ్బు చేతులు మారకముందే నంబర్లు చూడండి

మార్కెట్లో కొత్త ముక్కులు, కొత్త రెక్కలు దొరుకుతాయి. మామూలు రోడ్ రన్నర్‌కి అవి తగిలించి సూపర్‌బర్డ్ అని అమ్మడం కొత్తేమీ కాదు. ఛాసీ నంబరు ఒక్కటే చూస్తే తేలదు, ఎందుకంటే హార్డ్‌టాప్ రోడ్ రన్నర్‌ది కూడా ఆర్‌ఎం23తోనే మొదలవుతుంది. ఐదో అక్షరం ఇంజిన్‌ని చెబుతుంది: యూ అయితే నాలుగు బ్యారెళ్ల కార్బ్యురేటర్ ఉన్న 440 (క్యూబిక్ అంగుళాలు), వీ అయితే మూడు కార్బ్యురేటర్ల 440, ఆర్ అయితే 426 హెమీ. హెమీలు 130 చిల్లర మాత్రమే వచ్చాయి, కాబట్టి ఆర్ కనిపిస్తే రెట్టింపు అనుమానంతో చూడాలి.

బానెట్ కింద ఎడమ ఫెండర్ లోపలివైపు చిన్న రేకు ట్యాగ్ ఉంటుంది. దాన్ని కింది వరుస నుంచి పైకి చదవాలి. అందులో ఏ13 అనే కోడ్ ఉంటే అది సూపర్‌బర్డ్ ప్యాకేజీ. ట్యాగ్‌కి కూడా నకిలీలు వస్తాయి కాబట్టి అంతటితో ఆగొద్దు. రేడియేటర్ సపోర్టు మీద, డిక్కీ అంచు దగ్గర, ఇంజిన్ బ్లాకు మీద, గేర్‌బాక్స్ మీద గుద్దిన నంబర్లు ఛాసీ నంబరు చివరి అంకెలతో కలవాలి. బ్లాకు పోత తేదీ కారు తయారైన తేదీకి ముందుదై ఉండాలి. సీట్ల స్ప్రింగుల్లో ఫ్యాక్టరీ వాళ్ల బిల్డ్ షీట్ (కారుకి ఏమేం బిగించాలో రాసిన కాగితం) ఇరుక్కుని ఉండొచ్చు. ఎలకలు కొరికిన ముక్క దొరికినా అపురూపమే.

ఇంకో విచిత్రం ఉంది. అప్పట్లో ఈ కార్లు అమ్ముడుపోక కొందరు డీలర్లు ముక్కు, రెక్క ఊడదీసి మామూలు రోడ్ రన్నర్‌గా అమ్మేశారు. అంటే రెక్క ఉన్నది నకిలీ కావచ్చు, లేనిది అసలుదీ కావచ్చు.

2. విప్పేటప్పుడు ఫొటోలు, సంచులు

ప్రతి బోల్టు విప్పకముందు ఫొటో తీయండి, విప్పాక పేరు రాసిన సంచిలో వేయండి. ముందు సస్పెన్షన్‌లో స్ప్రింగుల్లా పనిచేసే ఉక్కు కడ్డీలు, అంటే టార్షన్ బార్లు, కుడిది కుడికే, ఎడమది ఎడమకే పనికొస్తాయి. తీసేటప్పుడే గుర్తు పెట్టుకోండి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్, పాత పెయింటులో సీసం ఉంటాయి, కాబట్టి మంచి మాస్కు లేకుండా ముట్టుకోవద్దు. గాలి గొట్టంతో దుమ్ము ఊదొద్దు.

3. టాప్ దగ్గర నిదానం

ఎక్కువ సమయం తినేది ఇక్కడే. గాలి సాఫీగా జారడానికి వెనక అద్దం చుట్టూ వేరే రేకు పెట్టి వెల్డింగ్ చేశారు. దాన్ని నున్నగా చేసే తీరిక లేక పైన నల్ల వినైల్ కప్పేశారు. అందుకే ప్రతి సూపర్‌బర్డ్‌కీ వినైల్ టాప్ ఉంటుంది. యాభై ఏళ్లుగా ఆ వినైల్ కింద నీరు చేరి, రేకు తుప్పు పట్టి ఉబ్బుతుంది. అద్దం కింది అంచున వేలితో నొక్కితే కరకరమంటే లోపల పని ఉందని అర్థం.

వినైల్‌ని హీట్ గన్‌తో కొద్దికొద్దిగా వేడిచేస్తూ ఒలవండి. కింద కనిపించే వెల్డింగ్ గీతల్ని ముందు ఫొటో తీయండి, అసలు కారు అనడానికి అవే సాక్ష్యం. తుప్పు తిన్న ముక్కనే కోసి కొత్త రేకు అతకండి, మొత్తం ప్యానెల్ మార్చేయొద్దు. ఇసుకతో బ్లాస్టింగ్ చేయిస్తే ఇంత వెడల్పు రేకు వంకర పోతుంది, ప్లాస్టిక్ గుళ్లతోనో సోడాతోనో చేయించండి. పాత వెల్డింగ్‌ని అద్దంలా నున్నగా తీర్చాలని చెయ్యి లాగుతుంది, ఆపుకోండి.

4. ముక్కు, రెక్క

ముందు ఫెండర్లు, బానెట్ డాడ్జ్ కరోనెట్ నుంచి తెచ్చుకున్నవి. ఎప్పుడో యాక్సిడెంట్ అయ్యి ఎవరైనా రోడ్ రన్నర్ ఫెండర్లు వేసి ఉంటే ముక్కు ఎంత తిప్పలుపడ్డా కూర్చోదు. ఇలాంటి ముక్కు, రెక్క ఉన్న డాడ్జ్ డేటోనా కారు భాగాలు కూడా దీనికి సరిపోవు. పెయింట్‌కి ముందే అన్నీ ఒకసారి బిగించి చూసుకోండి. సందులు ఫ్యాక్టరీలోనే సమానంగా లేవు, మిల్లీమీటర్ల కోసం టెన్షన్ పడొద్దు. రెక్క బరువు మోసే పట్టీలు డిక్కీ లోపల ఉంటాయి, వాటి తుప్పు విషయంలో మాత్రం రాజీ వద్దు.

5. ఇంజిన్

హెడ్లలో గట్టి వాల్వ్ సీట్లు వేయించండి, వాటిని అరగకుండా కాపాడే సీసం ఇప్పటి పెట్రోల్లో లేదు. కొత్త క్యామ్ (వాల్వుల్ని తెరిచే షాఫ్ట్) వేస్తే జింక్ ఎక్కువున్న ఆయిల్ పోసి, స్టార్ట్ కాగానే 2,000–2,500 ఆర్‌పీఎం మధ్య 20 నిమిషాలు నడపాలి. మొదటిసారే ఐడిల్‌లో వదిలేస్తే క్యామ్ అరిగిపోతుంది.

6. రంగు, బిగింపు

ట్యాగ్ మీదున్న రంగే వేయండి. అందరూ పెట్టీ నీలం అడుగుతారు, కానీ మీ కారు లెమన్ ట్విస్ట్ పసుపైతే పసుపే. హెడ్‌లైట్ తలుపులు వాక్యూమ్‌తో తెరుచుకుంటాయి, పాత రబ్బరు గొట్టాలన్నీ మార్చకపోతే ఒక కన్ను తెరిచి ఒక కన్ను మూస్తుంది.

చివరగా చక్రాలు. డ్రైవర్ వైపు, అంటే అమెరికా కారు కాబట్టి ఎడమవైపు, స్టడ్‌లకి మరలు తిరగేసి ఉంటాయి. స్టడ్ కొన మీద ఎల్ అక్షరం చూసుకోండి. అది తెలియని టైరు షాపు కుర్రాడు ఎయిర్ గన్ పెడితే స్టడ్ విరుగుతుంది. మీరే దగ్గరుండి బిగించుకుని, మొదటి రైడ్ అయ్యాక నట్లన్నీ మరోసారి టార్క్ రెంచ్‌తో చూడండి.