బీఆర్‌డీయూ కోసం యాసిడ్ వేస్తే జీఎఫ్‌పీ ఎందుకు పోతుంది? నా అనుభవం

ఎదిగిన ఎలుకల మెదడులో, హిప్పోక్యాంపస్ అనే భాగంలో మూలకణాలు విభజన చెందుతున్నాయా అని చూడటం నా పని. నెస్టిన్-జీఎఫ్‌పీ ఎలుకల్లో ఆ కణాలు జీఎఫ్‌పీ అనే ప్రోటీన్ వల్ల పచ్చగా వెలుగుతాయి. విభజనకు ముందు డీఎన్ఏ కాపీ చేసుకుంటున్న కణాల డీఎన్ఏలోకి బీఆర్‌డీయూ అనే గుర్తు రసాయనం చేరుతుంది. రెండూ ఒకే కణంలో కనిపించాలి.

చిక్కల్లా యాసిడ్ దగ్గరే. బీఆర్‌డీయూని యాంటీబాడీ (ఒక్క లక్ష్యాన్నే గుర్తుపట్టి అంటుకునే ప్రోటీన్) పట్టుకోవాలంటే డీఎన్ఏ పోగులు విడిపోవాలి. అందుకని 40 మైక్రాన్ల మందమున్న మెదడు ముక్కలను 2 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచుతాం. ఆ ఆమ్లంలో జీఎఫ్‌పీ వెలుగు ఆరిపోతుంది. బీఆర్‌డీయూ ఎరుపు చుక్కలు చక్కగా ఉంటాయి, పక్కన పచ్చదనం ఉండదు!

నాకు పనికొచ్చింది వరుస మార్చడమే. ముందు జీఎఫ్‌పీకి యాంటీబాడీ వేసి, ఆమ్లాన్ని తట్టుకునే రంగున్న సెకండరీతో (మొదటి యాంటీబాడీకి అంటుకునే రెండో యాంటీబాడీ) ముగించాను. తర్వాత 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో కాసేపు ఉంచితే యాంటీబాడీలు ఉన్నచోటే అతుక్కుపోయాయి. ఆ తర్వాతే యాసిడ్. వెంటనే పీహెచ్ 8.5 బోరేట్ బఫర్‌తో కడిగి, చివర్లో బీఆర్‌డీయూ యాంటీబాడీ వేశాను. ఈ కడగడంలో తొందరపడితే యాంటీబాడీ సరిగా అంటుకోదు.

బీఆర్‌డీయూ బదులు ఈడీయూ అనే అలాంటి గుర్తే వాడితే యాసిడ్ గొడవ లేదు, నిజమే. కానీ ఈడీయూకి రంగు అతికించే మామూలు క్లిక్ రసాయన చర్యలోని రాగి కూడా జీఎఫ్‌పీ వెలుగును దెబ్బతీస్తుంది.

ఇప్పుడు కణం మొత్తం కనిపిస్తోంది: కేంద్రకం సబ్‌గ్రాన్యులర్ జోన్‌లో (గ్రాన్యూల్ కణాల పొర కింది అంచు), ఒకే ఒక్క పొడవాటి తీగ గ్రాన్యూల్ పొరను దాటి పైకి. అయినా పైనుంచి చూసి లెక్కపెట్టను. ఒకదాని మీద ఒకటున్న రెండు కణాలు ఒక్కటిగా కనిపిస్తాయి కాబట్టి, కాన్ఫోకల్ మైక్రోస్కోప్‌లో జడ్-స్టాక్ (లోతు వారీగా వరుస చిత్రాలు) తీసి పక్కకోణాల నుంచి కూడా చూశాకే లెక్కలో వేస్తాను.