పాత బండిని వదిలి ఊరెళ్తుంటే పెట్రోలు కాక్ కట్టేయండి

ఇంట్లో పాత స్ప్లెండరో, సీడీ హండ్రెడో ఉందా? రెండు మూడు వారాలు తీయరనుకుంటే తాళం వేసేముందు ఒక్క పని చేయండి. బండిని ఆరుబయట పెట్టి, ట్యాంకు కింది కాక్‌ని ఆఫ్‌కి తిప్పి, ఇంజన్ దానంతటదే ఆగిపోయేదాకా నడవనివ్వండి. పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బ్యురేటర్ అడుగు గిన్నెలోని పెట్రోలు చాలావరకు కాలిపోతుంది. అడుగున మిగిలిన కాస్తా కూడా తీసేస్తే ఇంకా మంచిది. ఇంజన్ చల్లారాక డబ్బా పెట్టి, గిన్నె కిందున్న డ్రెయిన్ స్క్రూ వదులు చేస్తే కారిపోతుంది.

ఎందుకంటే ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమని ఇట్టే లాగేస్తుంది. పైగా గిన్నెలో నిలవున్న పెట్రోలు ఆవిరైపోతూ జిగురు కడుతుంది. బండి నిలబడి నెమ్మదిగా తిరిగేటప్పుడు ఇంజన్‌కి పెట్రోలు అందించే స్లో జెట్ రంధ్రం వెంట్రుకంత సన్నం, ముందు మూసుకుపోయేది అదే. ఇక చోక్ వేస్తే నడుస్తుంది, తీస్తే ఆగిపోతుంది. చాలామంది అప్పుడు పాపం ప్లగ్గు మార్చేస్తారు!

ట్యాంకు మాత్రం నిండుగా ఉంచండి, లోపల గాలి తక్కువుంటే తుప్పూ తక్కువే. పెట్రోలు పైపుని కూడా ఓసారి వంచి చూడండి. గట్టిపడినా, పగుళ్లు కనిపించినా మార్చేయండి. ఈ విషయంలో బద్ధకం అస్సలు వద్దు, కారేది వేడి ఇంజన్ మీదికే.

తిరిగొచ్చాక కాక్ తిప్పి ఓ నిమిషం ఆగి, గిన్నె నిండాకే కిక్ కొట్టండి.