బండి హ్యాండిల్ ఎడమ డొక్కలో తగిలితే

గాజువాక రోడ్డు మీద బండి జారి, హ్యాండిల్ ఎడమ డొక్కలో బలంగా తగిలిందా? పైకి గాయం కనబడలేదని ఇంటికి వెళ్ళిపోకండి. ప్లీహం (స్ప్లీన్, రక్తాన్ని వడకట్టే మెత్తటి అవయవం) అక్కడే, 9–11 పక్కటెముకల చాటున ఉంటుంది. చిట్లితే రక్తం కడుపులోకే కారుతుంది.

ఎడమ భుజం కొన కూడా నొప్పి పెడుతుంటే మరీ అనుమానించాలి: ఆ రక్తం ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొర డయాఫ్రమ్‌కు తగిలితే నొప్పి భుజంలో తెలుస్తుంది. చల్లటి చెమటలు, కళ్ళు తిరగడం, నాడి వేగం ఉంటే వెంటనే 108. వచ్చేదాకా పడుకోబెట్టండి. మంచినీళ్ళు కూడా వద్దు, ఆపరేషన్ అవసరం పడవచ్చు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ అసలే వద్దు, రక్తస్రావం పెరుగుతుంది.

విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) లాంటి పెద్దాసుపత్రికే తీసుకెళ్ళండి. అల్ట్రాసౌండ్ బాగుందంటే గాయం లేదని కాదు. బీపీ నిలకడగా ఉంటే కాంట్రాస్ట్ సీటీ (నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్) గురించి అడగండి. అలా బీపీ పడిపోకుండా ఉంటే చాలామందికి కోత లేకుండానే మానుతుంది. అయినా రోజుల తర్వాత మళ్ళీ చిట్లవచ్చు, బరువులెత్తనివ్వకండి.