తెరచాప ఓడ నమూనా ఎలా కట్టాలి? అంకుడు కర్ర నుంచి పొందూరు బట్ట దాకా

కళింగపట్నం, బారువ రేవుల్లో ఒకప్పుడు తెరచాప ఓడలు లంగరు వేసేవి. ఆ సముద్రం ఒడ్డున పుట్టినవాళ్లకి ఓడ నమూనా మీద మనసు పోవడం సహజం. బజారులో దొరికే అలంకారపు ఓడలు దూరానికి బాగానే ఉంటాయి. దగ్గరికెళ్తే ఒంపు ఉండదు, తాళ్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో అర్థం కాదు. దాచుకోదగిన నమూనా అంటే అసలు ఓడ నక్షాకు కట్టుబడినది. అది ఇంట్లోనే కట్టొచ్చు. దానికి కావలసిన మంచి సరుకు మన శ్రీకాకుళం, విజయనగరం చుట్టుపక్కలే ఉంది.

ఏ ఓడ?

నన్నడిగితే హెచ్.ఎం.ఎస్. ట్రింకోమలీ. బ్రిటిష్ నౌకాదళం కోసం జంషెడ్జీ బొమన్జీ వాడియా బొంబాయిలో టేకుతో కట్టిన యుద్ధనౌక ఇది. 1817 అక్టోబరు 12న నీటిలోకి దిగింది. నెపోలియన్ యుద్ధాలతో ఇంగ్లండులో ఓక్ కలప కరువై మన టేకు మీద పడ్డారు. దీని నక్షాలు మొదట తెస్తున్న జావా అనే ఓడ 1812లో అమెరికన్ల చేతిలో నాశనమైంది, మళ్లీ ఇంకో ప్రతి పంపాల్సి వచ్చింది. ఇంత కథ ఉన్న ఓడ ఇప్పటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో నీటి మీదే ఉంది. ఫొటోలకు కొదవ లేదు. ఆ కాలపు నౌకాదళ నక్షాలు గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం దగ్గర ఉన్నాయి, నకళ్లు కొనుక్కోవచ్చు.

స్కేలు 1:100 పెట్టుకోండి. మీటరు సెంటీమీటరవుతుంది, లెక్క తేలిక. ఫిరంగుల అంతస్తు పొడవు సుమారు 150 అడుగులు కాబట్టి నమూనాలో 46 సెం.మీ., వెడల్పు 40 అడుగులు కాబట్టి 12 సెం.మీ. ముందుకు పొడుచుకొచ్చే ముక్కు దూలం, తెరచాపలు కట్టే స్తంభాలు కలిస్తే ఇంకా పెద్దదవుతుంది. పెట్టే చోటు ముందే చూసుకోండి.

కర్ర

అసలు ఓడ టేకుదే కదా, టేకే వాడదామనిపిస్తుంది. వద్దు. టేకు రేఖలు లావు. నూరో వంతుకు తగ్గించిన ఓడ మీద ఆ రేఖ ఒక్కొక్కటి తాడంత కనిపిస్తుంది. పైగా అందులో నూనె ఉండడం వల్ల జిగురు సరిగా పట్టదు. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర పలకలకు చక్కగా సరిపోతుంది. మెత్తన, రేఖ సన్నం, ఉలి ఎటు పెడితే అటు వెళ్తుంది. పైకి కనిపించే అంచులకు, చుక్కానికి పనస వాడండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చెక్కేది పనసతోనే, అక్కడ మిగులు ముక్కల కోసం అడిగి చూడండి. రంగు వేయకుండానే పనస పసుపు నుంచి గోధుమ రంగుకు తిరుగుతుంది.

కోయించిన కర్రను వెంటనే వాడకండి. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ. ఓడ ఉంచబోయే గదిలోనే కనీసం ఒక నెల ఉంచితే, బిగించాక పలకల మధ్య నెర్రెలు రావు.

ఎముకల గూడు

4 మి.మీ. ప్లైవుడ్‌తో వెన్నుదూలం, దాని మీద 13 లేక 14 అడ్డచట్రాలు కోసి గాడుల్లో దింపండి. చట్రాలు వెన్నుకు నిలువుగా ఉన్నాయో లేదో మూలమట్టంతో చూసి, తర్వాతే ఫెవికాల్ వేయండి. ముక్కు దగ్గర, వెనక దగ్గర చట్రాల అంచులను ఏటవాలుగా ఆకురాయితో అరగదీయాలి. పలక చట్రం మందమంతటికీ ఆనాలి, ఒక్క అంచు మీదే నిలబడకూడదు. ఒక సన్నని బద్దను చట్రాల మీద వంచి పట్టుకుంటే ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ పల్లముందో చేతికే తెలుస్తుంది.

పలకలు

ఓడ అందమంతా ఇక్కడే. ఒంపు కుదరకపోతే ఎన్ని తాళ్లు కట్టినా దాన్ని కప్పలేవు. అందుకే ఈ పనికి ఎంత కాలం పట్టినా ఇవ్వండి.

1.5 మి.మీ. మందం, 5 మి.మీ. వెడల్పు బద్దలు తీసుకోండి. ఓడ నడుము దగ్గర లావు, ముక్కు దగ్గర సన్నం. ఒకే వెడల్పు బద్దలు వరసగా అతికిస్తూ పోతే ముక్కు దగ్గర అవి ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి. కాగితపు పట్టీతో ప్రతి చట్రం చుట్టుకొలత తీసుకోండి. ఉదాహరణకు నడుము దగ్గర ఒక పక్క 130 మి.మీ. వచ్చిందనుకుందాం, 5 మి.మీ. చొప్పున 26 పలకలు. ముక్కు దగ్గర చట్రం 78 మి.మీ. మాత్రమే ఉంటే 78ని 26తో భాగించండి, 3 మి.మీ. వస్తుంది. అంటే ప్రతి పలకనూ ముక్కు వైపు 3 మి.మీ.కి చిత్రిక పట్టాలి. సగం వెడల్పు కంటే సన్నం చేయాల్సి వస్తే అక్కడ రెండు పలకలను ఒకటిగా కలపడం మంచిది, మరీ సన్నమైన కొన విరిగిపోతుంది.

వంచడానికి బద్దను అరగంట నీళ్లలో నానబెట్టి, వేడి సోల్డరింగ్ కడ్డీ మీద మెల్లగా తిప్పండి. ఆరాకే అతికించండి. కుడిపక్క ఒకటి వేస్తే ఎడమపక్క ఒకటి. ఒకే పక్క నాలుగైదు వేసేశారంటే గూడు మెలిక తిరుగుతుంది, తర్వాత సరిచేయలేరు. బట్టల క్లిప్పులు, గుండుసూదులతో పట్టి ఉంచండి. ఫెవిక్విక్ తొందరగా పట్టినా మరక మిగులుస్తుంది, ఆ చోట వార్నిష్ ఇంకదు. ముసురు పట్టిన రోజుల్లో ఈ పని ఆపేయండి.

తర్వాత ఉప్పుకాగితం, ముతక నుంచి నున్నదానికి. కళ్లు మూసుకుని అరచేతితో తడమండి. కంటికి కనిపించని గుంట చేతికి తగులుతుంది.

డెక్ మీద పలకలు 2.5 మి.మీ. వెడల్పువి చాలు. అతికించే ముందు ప్రతి పలక అంచున 4బి పెన్సిల్ గీస్తే, అసలు ఓడల్లో సందుల్లో కూరే తారులా నల్ల గీత వస్తుంది.

స్తంభాలు, తాళ్లు

స్తంభానికి చదరపు కర్రను ముందు ఎనిమిది ముఖాలు వచ్చేలా చెక్కి, తర్వాత డ్రిల్ మిషన్‌కు బిగించి ఉప్పుకాగితంతో గుండ్రం చేయండి. స్తంభాలను పట్టి ఉంచే స్థిరమైన తాళ్లు నల్లగా ఉండాలి, వాటికి తారు పూసేవారు. తెరచాపలను లాగే తాళ్లు లేత రంగులో ఉండాలి. నూలు దారం మన తేమకు బిగుస్తుంది, సడలుతుంది, అందుకే పాలిస్టర్ దారమే నయం. ఏది వాడినా తేనెమైనం మీద లాగితే నూగు అణుగుతుంది. స్తంభం రెండు పక్కలా ఒకేసారి బిగించండి. నావికులు స్తంభం ఎక్కే తాడు నిచ్చెన మెట్ల ఎడం 4 మి.మీ. చేతికందని లోపలి ముడులు ముందు వేసి, తర్వాత బయటికి రండి.

తెరచాపలు

చాలామంది తెరచాపలు లేకుండా వదిలేస్తారు, బట్ట నేత స్కేలుకు మించి ముతకగా కనిపిస్తుందని. నిజమే, మామూలు బట్టతో అలాగే అవుతుంది. కానీ మనకు పొందూరు ఉంది. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రపరిచి, చేత్తో వడికి నేసే ఆ సన్న ఖాదీ కంటే ఓడ తెరచాపకు బాగా కుదిరేది నాకు కనిపించలేదు. లేత టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టండి. అసలు తెరచాపను సుమారు రెండడుగుల వెడల్పు పట్టీలు కలిపి కుట్టేవారు, అంటే మనకు 6 మి.మీ. ఆ కుట్లు మిషన్‌తో వేయకండి, లావుగా కనిపిస్తాయి. పెన్సిల్‌తో సన్నగా గీయండి. పల్చని ఫెవికాల్ నీళ్లు రాసి, గిన్నె వెనకవైపు ఆరబెడితే గాలి నిండిన పొట్ట నిలుస్తుంది. చుట్టేసిన తెరచాపలు పెట్టాలనుకుంటే బట్టను మూడో వంతు ఎత్తుకే కోయండి. పూర్తి బట్ట చుడితే మోపులా తయారవుతుంది.

పెట్టె

ఉప్పుగాలి, దుమ్ము, బల్లులు. అద్దాల పెట్టె తప్పదు. కానీ గాలి ఆడని పెట్టె చేయించకండి. మూసిన చోట కర్ర నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసపు ఫిరంగులను తెల్లని పొడిగా మారుస్తుంది. ఫిరంగులు ఇత్తడివి పెట్టండి, అడుగున సన్న జాలీ వేసిన రెండు రంధ్రాలు ఉంచండి. చెద పట్టకుండా పెట్టెను గోడకు ఆనించకుండా, నేల మీద కాకుండా పెట్టండి. అడుగు పలక కింద ఓడ పేరు, స్కేలు, నక్షా ఎక్కడిది, ఏ భాగానికి ఏ కర్ర, కట్టిన సంవత్సరం, మీ పేరు చెరిగిపోని సిరాతో రాసి వార్నిష్ వేయండి.