యాప్‌ని సర్వర్‌కి ఎక్కించే ముందు జాగ్రత్తలు

చీమకుర్తి గ్రానైట్ లెక్కలకో, కావలి రొయ్యల చెరువులకో యాప్ రాశారా? సర్వర్‌కి ఎక్కించే ముందు ఇవి చూసుకోండి.

– డేటాబేస్ పాస్‌వర్డ్, పేమెంట్ కీ (పేమెంట్ సర్వీసు ఇచ్చే రహస్య సంకేతం) కోడ్‌లో ఉండకూడదు. గిట్‌లోకి (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) ఒకసారి వెళ్తే, తర్వాత చెరిపేసినా పాత కమిట్లలో, అంటే అంతకుముందు సేవ్ చేసిన మార్పుల్లో, ఉండిపోతాయి. అలా జరిగితే ముందు ఆ కీని రద్దు చేయించి కొత్తది తీసుకోండి. కమిట్లు శుభ్రం చేయడం ఆ తర్వాతే.

– వాటిని వేరే ఫైల్లో ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే కీ లేనివాళ్లు చదవలేనట్టు మార్చి పెట్టండి. బేస్64 అక్షరాల రూపం మారుస్తుందంతే, ఎన్‌క్రిప్షన్ కాదు, ఎవరైనా క్షణంలో విప్పేస్తారు. ఏఈఎస్-256 జీసీఎం అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి వాడండి. ఒకే కీతో అదే నాన్స్ (ఎన్‌క్రిప్ట్ చేసిన ప్రతిసారీ కొత్తగా ఇవ్వాల్సిన సంఖ్య) రెండోసారి వాడొద్దు.

– అన్నిటికన్నా ముఖ్యం మాస్టర్ కీ, అంటే ఆ ఫైలుని తెరిచే కీ. ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలు పక్కనే పెడితే తాళంచెవి గుమ్మానికి తగిలించినట్టే. వేరే చోట దాచండి. కీకి భద్రంగా ఇంకో కాపీ కూడా ఉండాలి, కీ పోతే ఫైలు ఇక తెరుచుకోదు.

– ఆ ఫైలు పర్మిషన్ 600 ఉండాలి, అంటే ఓనర్ మాత్రమే చదవగలిగేలా, రాయగలిగేలా.

– లాగ్ ఫైళ్లలో (యాప్ చేసే పనులు నమోదయ్యే ఫైళ్లు) పాస్‌వర్డ్ పడుతోందేమో చూడండి.

– కీలు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, దయచేసి.