కంట్రోల్ స్లైడ్ ఏం చెబుతోంది? హిస్టాలజీ స్టెయిన్లలో సమస్య - పరిష్కారం

స్పెషల్ స్టెయిన్ (టిష్యూలో ఒక్కో పదార్థాన్నో, క్రిమినో రంగుతో చూపించే పద్ధతి) ర్యాక్ బయటికి తీశాక మైక్రోస్కోప్ కింద మొదట పెట్టాల్సింది కంట్రోల్ స్లైడ్, అంటే మనం వెతికేది ఉందని ముందే తెలిసిన టిష్యూ ముక్క. చాలా ల్యాబుల్లో ఈ వరస తిరగబడుతుంది. ముందు పేషెంట్ స్లైడ్ చూస్తారు, ఏదైనా అనుమానం వస్తేనే కంట్రోల్ వైపు చెయ్యి వెళ్తుంది. "ఏఎఫ్‌బీ కనిపించలేదు" (టీబీ వంటి, ఆమ్లాన్ని తట్టుకునే బాసిల్లై లేవు) అని మనం రాసే ఒక్క లైను మీద ఒక మనిషికి నెలల తరబడి మందులు మొదలుపెట్టాలా వద్దా అన్నది ఆధారపడి ఉండొచ్చు. ఆ లైనుకు బలం కంట్రోల్ నుంచే వస్తుంది.

కంట్రోల్‌గా అందరూ బాగా రంగు పట్టే ముక్క కోసం వెతుకుతారు. నా దృష్టిలో మంచి కంట్రోల్ వేరు. పేషెంట్ టిష్యూ ఏ దారిలో వచ్చిందో అదే దారిలో రావాలి. స్టెయిన్‌లో చిన్న తేడా వచ్చినా అన్నిటికంటే ముందు అదే ఫెయిలవ్వాలి. కింద చెప్పిన సమస్యల్లో చాలావాటికి మూలం ఈ రెండు గుణాల్లో ఏదో ఒకటి లేకపోవడమే.

కంట్రోల్‌లోనూ రంగు రాలేదు

చూడగానే కంగారు పుడుతుంది గానీ, అన్నిట్లోకీ తేలికైన సమస్య ఇదే. తప్పు ల్యాబ్‌లోనే ఉందని తేలిపోయింది కదా. ఆ బ్యాచ్‌లో ఒక్క రిపోర్ట్ కూడా బయటికి వెళ్లకుండా ఆపండి.

ఇక్కడ అనుమానించాల్సినవి రెండు: రియేజెంట్ పాడయిందా, కంట్రోల్ స్లైడ్ పాతబడిందా? తేల్చుకోవడానికి పెట్టెలో ఉన్న పాత కంట్రోల్ స్లైడ్‌నీ, అదే బ్లాక్ (మైనంలో పొదిగిన టిష్యూ) నుంచి అప్పుడే కోసిన సెక్షన్‌నీ (పల్చటి పొర) ఒకే ర్యాక్‌లో పెట్టి స్టెయిన్ చేయండి. కొత్తది రంగు పట్టి పాతది పట్టకపోతే నిల్వ దగ్గర తేడా ఉంది. రెండూ పట్టకపోతే రియేజెంట్ల సంగతి చూడాలి.

పీఏఎస్ (గ్లైకోజెన్ వంటి చక్కెర పదార్థాలను గులాబీగా చూపే స్టెయిన్) అయితే ముందు షిఫ్ రియేజెంట్‌ని చూడండి. మంచి షిఫ్ నీళ్లలా గానీ, లేత గడ్డి రంగులో గానీ ఉంటుంది. బాటిల్లోనే గులాబీ రంగుకు తిరిగిందంటే సల్ఫర్ డయాక్సైడ్ పోయినట్టే. చూపుతో తేలకపోతే ఒక వాచ్ గ్లాస్‌లో నీళ్లు కలపని ఫార్మలిన్ కొద్దిగా తీసుకుని, షిఫ్ కొన్ని చుక్కలు వేయండి. వెంటనే ఎర్రటి ఊదా రంగు వస్తే అది పనిచేస్తున్నట్టు. రంగు నెమ్మదిగా వచ్చి నీలం వైపు తిరిగితే ఆ బాటిల్ పారేయాల్సిందే. ఈ పరీక్షకు నిమిషం కూడా పట్టదు, స్టెయిన్ మొదలుపెట్టే ముందే చేసుకోవచ్చు. షిఫ్ బాగుండి కూడా రంగు రాకపోతే పీరియాడిక్ యాసిడ్ పాతబడి ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన షిఫ్‌ని చల్లగా ఉండగానే వాడినా రంగు పల్చగా వస్తుంది. అలాగే షిఫ్ తర్వాత పారే నీళ్లలో బాగా కడగకపోతే గులాబీ రంగు పూర్తిగా తేలదు.

ఐరన్‌ని నీలంగా చూపే పెర్ల్స్ స్టెయిన్‌లో కంట్రోల్ స్ప్లీన్ నీలం చూపించకపోతే, ద్రావణం ఎప్పుడు కలిపారో అడగండి. 2 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్, 2 శాతం పొటాషియం ఫెర్రోసయనైడ్ సమపాళ్లలో అప్పటికప్పుడు కలపాలి. పొద్దున కలిపి సాయంత్రం వాడితే పని జరగదు.

కాంగో రెడ్ స్టెయిన్‌లో అమిలాయిడ్ (టిష్యూలో పేరుకునే అసాధారణ ప్రొటీన్) కంట్రోల్ పాలిపోయిందంటే మొదట సెక్షన్ మందం చూడండి. మామూలు అలవాటులో 3, 4 మైక్రాన్లకు కోస్తే రంగూ తక్కువే, పోలరైజర్ కింద యాపిల్ గ్రీన్ మెరుపూ తక్కువే. 8 నుంచి 10 మైక్రాన్లు ఉండాలి. ఇంకో మాట, అమిలాయిడ్ కంట్రోల్ సెక్షన్లు ముందే కోసి పెట్టె నింపుకోవద్దు. కోసి నిల్వ ఉంచిన సెక్షన్లలో ఈ రంగు పట్టే గుణం తగ్గుతూ వస్తుంది. అవసరమైన రోజే కోసుకోండి.

కొలాజెన్ నారను చూపే మాసన్ ట్రైక్రోమ్‌లో కంట్రోల్, పేషెంట్ రెండూ మసకగా వచ్చాయంటే సాధారణంగా బోయిన్స్ (పిక్రిక్ యాసిడ్ ఉన్న ఫిక్సేటివ్) దశ ఎగ్గొట్టి ఉంటారు. ఫార్మలిన్‌లో ఫిక్స్ అయిన సెక్షన్లను సుమారు 56 డిగ్రీల బోయిన్స్‌లో ఒక గంట ఉంచితే రంగులు నిలబడతాయి.

కంట్రోల్ అద్భుతంగా ఉంది, పేషెంట్ స్లైడ్‌లో ఏమీ లేదు

అసలు ప్రమాదం ఇక్కడ ఉంది. కంట్రోల్ పాసయింది కాబట్టి పేషెంట్ నెగటివ్ అని రాసేస్తారు. నిజంగా నెగటివ్ అయి ఉండొచ్చు కూడా. అయితే ఆ మాట రాసే ముందు ఈ కారణాలన్నీ దాటి రావాలి.

*కంట్రోల్ మరీ గట్టిది.* జెడ్‌ఎన్ (ఏఎఫ్‌బీని ఎర్రగా చూపే జీల్-నీల్సన్ స్టెయిన్) కంట్రోల్‌గా గుత్తులు గుత్తులుగా బాసిల్లై ఉన్న బ్లాక్ దొరికితే అందరికీ సంతోషమే, తక్కువ పవర్‌లోనే ఎర్రగా కనిపిస్తుంది. కానీ ఆమ్లంలో రెండు నిమిషాలు ఎక్కువ ఉంచినా, కార్బాల్ ఫుక్సిన్ బలం తగ్గినా, అలాంటి బ్లాక్‌లో ఇంకా బోలెడన్ని బాసిల్లై మిగిలే ఉంటాయి. పేషెంట్ లింఫ్ నోడ్‌లో ఉన్న నాలుగైదు మాత్రం రంగు పోగొట్టుకుని మాయమవుతాయి. అందుకే ఆయిల్ ఇమ్మర్షన్‌లో ఓపిగ్గా వెతికితే ఫీల్డుకు ఒకటో రెండో కనిపించే బ్లాక్‌ని కూడా దగ్గర పెట్టుకోండి. ఆ కొద్ది బాసిల్లై ప్రకాశవంతంగా, అంచు తేలి కనిపిస్తేనే స్టెయిన్ పాసయినట్టు. వెనక మిథిలీన్ బ్లూ ముదిరితే ఉన్నవి కూడా కనబడవు, కౌంటర్‌స్టెయిన్ లేతగా ఉంచండి.

ఐహెచ్‌సీలోనూ (యాంటీబాడీలతో కణాల్లోని ప్రొటీన్లను చూపే పరీక్ష) ఇదే సూత్రం. బ్రెస్ట్ క్యాన్సర్‌లో చూసే హెర్2 ప్రొటీన్‌కి 3+ (గట్టిగా రంగు పట్టే) ట్యూమర్ ఒక్కటే పెట్టుకుంటే, పరీక్ష సున్నితత్వం సగానికి పడిపోయినా ఆ కంట్రోల్ గోధుమరంగులో మెరుస్తూనే ఉంటుంది. 1+, 2+ స్థాయి ముక్కలు కూడా అదే స్లైడ్ మీద ఉండాలి. పాన్ సైటోకెరాటిన్‌కి (ఎపిథీలియల్ కణాల ప్రొటీన్లు) లివర్ మంచి కంట్రోల్. బైల్ డక్టులు గట్టిగా వస్తాయి, హెపటోసైట్లు తక్కువగా వస్తాయి. హెపటోసైట్లు మొత్తానికే ఖాళీగా ఉంటే, డక్టులు ఎంత బాగున్నా ఆ రన్ మీద నమ్మకం పెట్టుకోవద్దు.

*క్రిమి వేరు, కంట్రోల్ వేరు.* కుష్ఠు అనుమానంతో స్కిన్ బయాప్సీ వస్తే టీబీ కంట్రోల్‌తో జెడ్‌ఎన్ చేసి నెగటివ్ అనడం ఇప్పటికీ చూస్తుంటాం. లెప్రా బాసిల్లై ఆమ్లాన్ని టీబీ బాసిల్లై అంత గట్టిగా తట్టుకోలేవు. వాటికి ఫైట్-ఫరాకో పద్ధతి కావాలి. జైలీన్‌లో వేరుశనగ నూనె కలిపి మైనం తీయాలి, తర్వాత ఆల్కహాల్‌లోకి వెళ్లకుండా నూనెను అద్ది నీళ్లతో కడగాలి, పల్చటి సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో రంగు తీయాలి. దానికి కంట్రోల్ లెప్రమేటస్ కుష్ఠు ఉన్న చర్మమే కావాలి. టీబీ లంగ్ పెడితే పద్ధతిలో తప్పు జరిగినా అది ఎర్రగానే ఉంటుంది, ఏమీ చెప్పదు. గ్రామ్ స్టెయిన్‌కి గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగటివ్ రెండూ ఉన్న కంట్రోల్ కావాలన్నదీ ఇందుకే.

*ఫిక్సేషన్ దారి వేరు.* ఫిక్సేషన్ అంటే టిష్యూ పాడవకుండా ఫార్మలిన్‌లో నిలబెట్టడం. మన దగ్గర దీన్ని అన్నిటికంటే ఎక్కువ పట్టించుకోవాలి. కంట్రోల్ బ్లాక్ మన గ్రాసింగ్ టేబుల్ (నమూనాలు కోసే బల్ల) మీద, మన బఫర్డ్ ఫార్మలిన్‌లో, సరైన గంటలు నానినది. పేషెంట్ ముక్క మాత్రం ఏదో ఊరి నర్సింగ్ హోమ్ నుంచి బస్సు పార్సిల్‌లో, కుళాయి నీళ్లు కలిపిన ఫార్మలిన్‌లో, అదీ చాలీచాలని డబ్బాలో వచ్చి ఉండొచ్చు. ఫార్మలిన్ టిష్యూలోకి గంటకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున దిగుతుంది, లోపలికి పోయేకొద్దీ ఇంకా నెమ్మదిస్తుంది. కోయకుండా అలాగే పడేసిన మాస్టెక్టమీ మధ్యభాగం కుళ్లిపోయాక బయట ఎంత ఫార్మలిన్ ఉండి ఏం లాభం? బ్రెస్ట్ నమూనాలకు 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటలు, తీసిన గంటలోపే ఫార్మలిన్‌లోకి అని ఆస్కో, క్యాప్ (అమెరికా క్యాన్సర్ వైద్యుల, పాథాలజిస్టుల సంఘాలు) మార్గదర్శకాలు చెప్పేది ఇందుకే.

ఈ తేడాను మన కంట్రోల్ పట్టలేదు. పట్టేది పేషెంట్ ముక్కలోనే ఉండే ఇంటర్నల్ కంట్రోల్. ఈఆర్ (ఈస్ట్రోజెన్ రిసెప్టర్) నెగటివ్ అని రాసే ముందు ట్యూమర్ పక్కనున్న మామూలు డక్టుల్ని చూడండి. వాటి న్యూక్లియస్‌లలో కొన్నయినా రంగు పట్టి ఉంటే నెగటివ్ మాట నిలుస్తుంది. అవీ ఖాళీగా ఉంటే, బయటి కంట్రోల్ ఎంత బాగున్నా, వేరే బ్లాక్ మీద మళ్లీ చేయండి. మామూలు డక్టులే లేని కోర్ బయాప్సీ అయితే ఆ సంగతి రిపోర్ట్‌లో రాయడం మంచిది. టిష్యూ వచ్చినప్పుడు ఫార్మలిన్‌లో వేసిన టైము ఫారం మీద లేకపోతే ఫోన్ చేసి కనుక్కోండి. సర్జన్ ఒకసారి విసుక్కున్నా ఫర్వాలేదు, రెండో నమూనా నుంచి ఆయనే రాసి పంపుతారు.

*డీకాల్ మింగేసింది.* బోన్ మారో ట్రెఫైన్‌లో (ఎముక మజ్జ బయాప్సీ) ఐరన్ లేదని రాసే ముందు దేనితో డీకాల్ చేశారో, అంటే ఎముకలోని కాల్షియం తీశారో చూడండి. గట్టి ఆమ్లాలు ఐరన్‌ని కరిగించి తీసుకెళ్తాయి. మామూలు స్ప్లీన్ కంట్రోల్ నీలంగా రావడం ఇక్కడ ఏ రుజువూ కాదు. ఐరన్ ఉందని తెలిసిన మారో ముక్కను అదే డీకాల్‌లో పెట్టి చేసిన బ్లాక్ కంట్రోల్‌గా ఉంటేనే పోలిక కుదురుతుంది. వీలైతే డీకాల్‌కి గట్టి ఆమ్లం బదులు ఈడీటీఏ వాడండి, లేదా ఐరన్‌కి ఆస్పిరేట్ స్మియర్‌నే (సూదితో లాగిన మజ్జ) నమ్ముకోండి.

పీఏఎస్‌లో డయాస్టేజ్ పెట్టినా లివర్ గులాబీగానే ఉంది, లేదా పెట్టకుండానే తెల్లగా ఉంది

డయాస్టేజ్ గ్లైకోజెన్‌ని కరిగించే ఎంజైమ్. మొదటిదైతే ఎంజైమ్ చచ్చిపోయింది, కొత్తది కలపండి. రెండోదైతే మీ కంట్రోల్ లివర్‌లో గ్లైకోజెన్ లేదు. పోస్ట్‌మార్టం లివర్ వాడితే సాధారణంగా ఇదే జరుగుతుంది, ప్రాణం పోయాక గ్లైకోజెన్ త్వరగా ఖర్చయిపోతుంది. సర్జరీలో తీసి వెంటనే ఫార్మలిన్‌లో పడిన లివర్ అంచు ముక్క కావాలి. ఎప్పుడూ రెండు సెక్షన్లు పెట్టండి, ఒకటి డయాస్టేజ్‌తో, ఒకటి లేకుండా.

లేనిచోట కూడా రంగు కనిపిస్తోంది

జెడ్‌ఎన్‌లో నెగటివ్ కంట్రోల్ (క్రిములు లేవని తెలిసిన ముక్క) మీద ఎర్రటి కడ్డీలు కనిపిస్తే ఫోకస్ నాబ్ కొంచెం పైకి కిందికి తిప్పి చూడండి. టిష్యూ తలం మీద కాక పైన తేలుతుంటే అవి బయటి నుంచి వచ్చినవే. కుళాయి నీళ్లలో, ఫ్లోటింగ్ బాత్‌లో (కోసిన సెక్షన్లు తేల్చే నీళ్ల తొట్టి) పర్యావరణ మైకోబాక్టీరియా ఉంటాయి. బాత్‌ని రోజూ ఖాళీ చేసి, కడిగి, తుడిచి ఆరబెట్టండి. టీబీ కంట్రోల్ సెక్షన్లు తేల్చిన నీళ్లలోనే పేషెంట్ సెక్షన్లు తేల్చకండి. కంట్రోల్‌లో ఊడిన చిన్న ముక్క పేషెంట్ స్లైడ్ మీద అతుక్కుంటే జరిగే అనర్థం మామూలుది కాదు. కంట్రోల్ బ్లాకుల్ని రోజు పని అంతా అయ్యాక చివర్లో కోయడం ఉత్తమం, బ్లేడూ నీళ్లూ ఆ తర్వాత ఎలాగూ మారుస్తారు.

పెర్ల్స్‌లో అక్కడక్కడా నీలం గింజలు ఏ కణానికీ సంబంధం లేకుండా పడి ఉంటే నీళ్లలో ఐరన్ గానీ, తుప్పు పట్టిన ఫోర్సెప్స్ గానీ కారణం. డిస్టిల్డ్ వాటర్, ప్లాస్టిక్ ఫోర్సెప్స్ వాడండి. రక్తం ఉన్నచోట గోధుమ నల్లటి గింజలు అన్ని స్టెయిన్లలోనూ కనిపిస్తే అది ఫార్మలిన్ పిగ్మెంట్, ఫార్మలిన్ ఆమ్లంగా మారిందన్నమాట. బఫర్ కలిపితే తగ్గుతుంది.

ఐహెచ్‌సీలో ప్రైమరీ యాంటీబాడీ వేయని పేషెంట్ సెక్షన్ కూడా గోధుమరంగుకు తిరిగితే టిష్యూలో సహజంగా ఉండే పెరాక్సిడేజ్ ఎంజైమ్‌ని ఆపే దశ సరిగా జరగలేదు. లేదా బయోటిన్ పద్ధతి వాడుతూ లివర్, కిడ్నీ వంటి టిష్యూ చేస్తున్నారు, పాలిమర్ కిట్‌కి మారితే ఈ బాధ పోతుంది. మెలనిన్, హీమోసిడెరిన్ అనే సహజ పిగ్మెంట్లు కూడా డీఏబీలాగే (ఐహెచ్‌సీలో గోధుమరంగు ఇచ్చే పదార్థం) కనిపిస్తాయి. ప్రైమరీ వేయని ఆ స్లైడ్ పక్కన లేకుండా మెలనోమా కేసు చూడొద్దు.

జీఎంఎస్‌లో (ఫంగస్‌ని నల్లగా చూపే వెండి స్టెయిన్) మొత్తం నల్లబడితే వెండి ద్రావణంలో ఎక్కువసేపు ఉంచారు. ఇక్కడ కంట్రోల్ స్లైడ్ గడియారంలా పనిచేస్తుంది. మధ్యమధ్యలో కంట్రోల్‌ని తీసి, వేడి డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, తడిగానే మైక్రోస్కోప్ కింద చూడాలి. ఫంగస్ గోడలు స్పష్టమై, వెనక ఇంకా లేతగా ఉన్నప్పుడే అన్నీ బయటికి తీయండి. కాగితం మీద రాసిన నిమిషాలను నమ్ముకుంటే వేడిలో వచ్చే చిన్న తేడాకే ఫలితం మారిపోతుంది.

కంట్రోల్ సెక్షన్ ఊడిపోతోంది

రెటిక్యులిన్‌లోనూ (సన్నని నారలను చూపే వెండి స్టెయిన్), ఐహెచ్‌సీ కోసం యాంటిజెన్లను వేడితో మళ్లీ బయటపెట్టే రిట్రీవల్‌లోనూ ఇది మామూలే. చార్జ్‌డ్ స్లైడ్లు గానీ పాలీ ఎల్ లైసిన్ పూసినవి గానీ వాడండి, సెక్షన్ కింద నీరు పూర్తిగా వడిశాకే ఓవెన్‌లో పెట్టండి. కొవ్వు ఎక్కువున్న ముక్కని కంట్రోల్‌గా ఎంచుకోవద్దు.

బ్లాక్ మారగానే ఫలితం మారింది

పాత బ్లాక్ అయిపోయిన రోజున కొత్తది మొదలుపెడితే తేడా బ్లాక్‌దో రియేజెంట్‌దో ఎవరూ చెప్పలేరు. పాతదాంట్లో ఇంకా సెక్షన్లు ఉండగానే కొత్తదాన్ని దాని పక్కన పెట్టి కొన్ని రన్‌లు చేయండి. పాథాలజిస్ట్ రెండూ చూసి సంతకం పెట్టాకే వాడకంలోకి తేవాలి. కొత్త లాట్ యాంటీబాడీ, కొత్త బ్లాక్ ఒకే వారం మొదలుపెట్టొద్దు.

కొత్త బ్లాక్‌కి టిష్యూ ఎక్కడినుంచి? రిపోర్ట్ అయిపోయి, పారేసే ముందు మిగిలిన తడి టిష్యూ నుంచి తీసుకోండి. పేషెంట్ డయాగ్నోస్టిక్ బ్లాక్‌ని కంట్రోల్ కోసం అరగదీయడం ఏ పరిస్థితిలోనూ సరి కాదు. రేపు ఆ మనిషికి ఇంకో పరీక్ష కావాల్సి వస్తే ఆ బ్లాకే ఆధారం. మీ సంస్థ అనుమతి విధానం పాటించి, పేరు తీసేసి, కంట్రోల్ నంబరు మాత్రం ఇవ్వండి. టీబీ నోడ్ అని పేరుండగానే సరిపోదు, కేజియేషన్ (జున్నులా మారిన మృత టిష్యూ) ఎంత ఉన్నా బాసిల్లై దొరకని నోడ్లు చాలా ఉంటాయి, స్టెయిన్ చేసి చూశాకే దాచండి. ఐహెచ్‌సీకి అపెండిక్స్, టాన్సిల్, లివర్, పాంక్రియాస్ నాలుగు చిన్న ముక్కలు ఒకే బ్లాక్‌లో పెట్టుకుంటే చాలా యాంటీబాడీలకు ఒకే స్లైడ్ సరిపోతుంది.

పెట్టెలో పెట్టిన స్లైడ్లు నెలలు గడిచేకొద్దీ బలహీనపడుతున్నాయి

బ్లాక్‌లో ఉన్నంతకాలం యాంటిజెన్లు బాగానే నిలుస్తాయి, కోసి స్లైడ్ మీదికి తెచ్చాక గాలి, తేమ, వేడి తగిలి కొన్ని తగ్గిపోతాయి. ఈఆర్, కేఐ-67, పీ53 వంటివి ఇందులో పేరున్నవి. రామగుండం, రెంటచింతల వైపు మే నెలలో శని, ఆదివారాలు ఏసీ ఆపేసిన గదిలో పెట్టె ఉందంటే ఇక చెప్పనక్కర్లేదు. మైనం కరగకపోయినా బ్లాక్ ముఖం మెత్తబడుతుంది, స్లైడ్ల మీద యాంటిజెన్ దెబ్బతింటుంది. మూత బిగించిన పెట్టెలో సిలికా జెల్ వేసి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో ఉంచండి. ప్రతి స్లైడ్ మీద కోసిన తేదీ పెన్సిల్‌తో రాయండి. ఒకేసారి వంద కోయడం కంటే నెలకు సరిపడా కోసుకోవడం మేలు. బ్లాక్ ముఖం మీద పల్చగా మైనం పూసి మూసేయండి, మళ్లీ కోసేటప్పుడు మొదటి కొన్ని సెక్షన్లు వదిలేసి లోపలివి తీసుకోండి.