ఒకే పాకలో ఒంగోలు ఆవు, హెచ్‌ఎఫ్ సంకరం: రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తేడా వస్తే

సమస్య: మే నెల మధ్యాహ్నం ఒంగోలు ఆవు తీరిగ్గా నెమరేస్తుంది. పక్కనే ఉన్న హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ పాడి జాతి) సంకర ఆవు డొక్కలెగరేస్తూ చొంగ కారుస్తుంది. రక్తం పరీక్షిస్తే సంకర ఆవులో కార్బన్ డయాక్సైడ్ తక్కువ, పీహెచ్ ఎక్కువ, అంటే రక్తంలో ఆమ్లగుణం తగ్గింది.

ముందు శాంపిల్‌నే అనుమానించండి. ధమని రక్తంలో ఆక్సిజన్ 80–100, కార్బన్ డయాక్సైడ్ 35–45 మిల్లీమీటర్ల పాదరసం దరిదాపుల్లో ఉండాలి. ఆక్సిజన్ 40 దగ్గరుంటే మీరు తీసింది సిర రక్తం కావచ్చు. తోకలో ధమని, సిర ఆనుకుని ఉంటాయి కాబట్టి చెవి ధమని మేలు. సిరంజిలో గాలి బుడగ ఉన్నా, రక్తం గడ్డకట్టకుండా వేసే హెపారిన్ ఎక్కువైనా కార్బన్ డయాక్సైడ్ తగ్గి కనిపిస్తుంది. రక్తంలో వాయువులు కొలిచే మెషిన్ 37 డిగ్రీల దగ్గర కొలుస్తుంది. ఆవు ఒళ్లు 40 డిగ్రీలుంటే ఆ అంకె మెషిన్‌లో నమోదు చేయాలి, లేకపోతే రెండు వాయువులూ అసలుకంటే తక్కువ చూపిస్తాయి.

కారణం: పాలెక్కువిచ్చే సంకర ఆవు మేతా ఎక్కువే తింటుంది, లోపల వేడీ ఎక్కువే పుడుతుంది. ఒంగోలుకు చెమట గ్రంథులు పెద్దవి, ఒంట్లో పుట్టే వేడి తక్కువ. సంకర ఆవు ఊపిరి నిమిషానికి 60 దాటిందంటే వేడితో పాటు కార్బన్ డయాక్సైడ్‌నూ బయటికి తోసేస్తోంది. దాన్ని సరిచేయడానికి మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను (ఆమ్లాన్ని తగ్గించే క్షారాన్ని) మూత్రంలో వదిలేస్తాయి. పెద్దపొట్టలో ఆమ్లాన్ని అదుపు చేసే లాలాజలం మింగాల్సింది పోయి నేలపాలవుతుంది. రాత్రి చల్లబడ్డాక ఆకలి మీద దాణా ఒక్కసారిగా తింటే పెద్దపొట్టలో ఆమ్లం పెరుగుతుంది, వెన్న శాతం పడిపోతుంది. చాలామంది దీన్ని దాణా నాణ్యత మీదకు నెడతారు.

పరిష్కారం: చర్మం దాకా తడిసేలా ఒకటి రెండు నిమిషాలు నీళ్లు కొట్టి, ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి. పావుగంటకోసారి మళ్లీ కొట్టండి. కోస్తా ఉక్కలో ఫ్యాన్ లేకుండా సన్న తుంపర ఒక్కటే కొడితే పాకలో తేమ పెరిగి ఇంకా ఇబ్బంది. దాణా తెల్లవారుజామున, పొద్దుగుంకాక విడతలుగా పెట్టండి. అందులో వంట సోడా రోజుకు 100–150 గ్రాములు రెండు పూటలకు పంచి కలపండి. నీళ్లతొట్టి నీడలో ఉండాలి.

ఆవు నోరు తెరిచి, నాలుక వేలాడేసి, ఊపిరి నెమ్మదించి లోతుగా తీస్తుంటే కోలుకుంటోందనుకోకండి. అలసిపోయింది. వెంటనే నీళ్లు కొడుతూ డాక్టరుకు ఫోన్ చేయండి.

తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడూ ఆయాసం తగ్గక, ధమని రక్తంలో ఆక్సిజన్ కూడా తగ్గితే అది ఎండ పని కాదు. ఊపిరితిత్తులు పరీక్ష చేయించండి, ఏ జాతి ఆవైనా సరే.